నీకెందుకు, నేనున్న గద

అతని పేరు రాయను. రాస్తే సంతోషించేవాడు. ఆ సంతోషం చచ్చిన తర్వాత కూడా అతనికి దక్కడం నాకిష్టం లేదు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదివినవాళ్ళు నాలుగు వాక్యాలు చదవగానే పోల్చుకుంటారు. పోల్చుకోలేని వాళ్ళకూ నష్టం లేదు. ఇలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. మీ వీధిలోని వాడి మొహం తగిలించుకుని చదవండి.

మొన్నీమధ్య పొద్దున్నే పాలు తెచ్చుకుని వస్తుంటే అతని దుకాణం షట్టర్ మీద ఫ్లెక్సీ కనిపించింది. నీలి ఆకాశం, రెండు తెల్ల పావురాలు, మబ్బుల మధ్య అతని మొహం. బతికున్నప్పుడు ఎవరూ చూడని చిరునవ్వు ఒకటి ఆ మొహానికి అతికించారు. కింద వరసగా కుర్రాళ్ళ ఫొటోలు. వాటి మీద ఎర్రక్షరాలతో 'మా జ్ఞానదాతకు కన్నీటి నివాళి' అని.

జ్ఞానదాత! పాల ప్యాకెట్టు చేతిలో ఉండగానే, నడిరోడ్డు మీద నిలబడి, పైకే నాలుగు తిట్లు తిట్టాను. పక్కనున్న చాయ్ బండి అతను గిన్నె దించి నా వైపు చూశాడు.

"ఏంది పెద్దాయనా, పోయినోనితోని గూడ పంచాయితేనా?"

"బతికున్నప్పుడు తెగలేదు గదయ్యా."

"ఇగ ఆయనొచ్చి జవాబు చెప్తడా? ఇడిసిపెట్టు. చాయ్ తాగు."

చాయ్ తాగాను. విడిచిపెట్టలేదు. పోయినవాళ్ళ మీద రాయడం మర్యాద కాదని ఇంట్లో కూడా అన్నారు. నేను అతన్ని వెనకాల అన్నది ఏమీ లేదు. మొహం మీదే అన్నాను, ఎన్నోసార్లు. ఇప్పుడా మొహం ఫ్లెక్సీకెక్కింది కాబట్టి, మాట కాగితానికెక్కుతోంది.

అతని దుకాణమంటే ఒక ఇరుకు గది. ముందు జిరాక్స్ మిషను, వెనక ఒకే ఒక కంప్యూటరు. బయట బోర్డు మీద ఇంటర్నెట్ సెంటర్ అని ఉండేది. లోపల ఇంటర్నెట్ ముందు కూర్చునే హక్కు మాత్రం ఒక్కడిదే. ఆ కంప్యూటరు తెరకు మూడు వైపులా అట్టపెట్టె ముక్కలు కోసి కట్టాడు, జట్కా గుర్రం కళ్ళకు కట్టినట్టు. ఎందుకయ్యా ఇవి అంటే, ఎండ పడుతోందనేవాడు. ఆ గదిలోకి ఎండ రావాలంటే సూర్యుడు జిరాక్స్ మిషను కింద దూరి పాక్కుంటూ రావాలి.

కీబోర్డు మీద ఒక్క అక్షరం కనిపించేది కాదు. అన్నీ నల్లగా, నున్నగా, గులకరాళ్ళలాగా ఉండేవి. వాడీ వాడీ అరిగిపోయాయని చెప్పుకునేవాడు. నేను నారాయణగూడలో ఒక అచ్చాఫీసులో సీసం అక్షరాలు ఏరి కూర్చిన మనిషిని. ఏ అక్షరం ఎంత అరుగుతుందో నా వేళ్ళకు తెలుసు. రోజూ వాడేవి అరుగుతాయి, ఎప్పుడోగాని అవసరం రానివి కొత్తగానే ఉంటాయి. అన్నీ సమానంగా అరిగే కీబోర్డు భూమ్మీద లేదు. బ్లేడు పెట్టి గీకాడు. ఎవరైనా తెర వైపు తొంగిచూసినా, చేయి మాత్రం పెట్టలేకుండా.

నోట్లో ఎప్పుడూ సోంపు ఉండేది. ఎవరైనా "సార్, అక్కడ ఏం కొట్టిన్రు?" అని అడిగితే, ఆ సోంపును కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు నెట్టి, ట్రాఫిక్ పోలీసులాగా ఎడమ అరచెయ్యి ఎత్తి, తల తిప్పకుండా ఒక మాట అనేవాడు.

"నీకెందుకు, నేనున్న గద."

ఈ మాట నేను అంతకుముందే ఒకసారి విన్నాను. అచ్చాఫీసులో సీసం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, మా యజమాని మేనల్లుడు వాటికి ఎర్ర గుడ్డ కప్పి మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. జర నేర్పు అంటే, "మీకెందుకన్నా, మేమున్నం గద" అన్నాడు. నేను మధ్యాహ్నం వాడు అన్నానికి వెళ్ళినప్పుడు గుడ్డ తీసి నేర్చుకున్నాను. నేర్చుకోనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిపోయినవాళ్ళ మొహాలన్నీ నాకు జ్ఞాపకమున్నాయి. అందుకే ఆ మాట ఎవరి నోట విన్నా నా చెవుల్లో సీసం పోసినట్టే ఉంటుంది.

చివరికి అక్కడ కొమ్ములు తిరిగిన విద్య ఏముంది గనక? నెట్‌లో వెతకడం ఒక పూటలో నేర్పవచ్చు. మనం అడిగే మాటలతో వెతక్కూడదు, జవాబు రాసినవాడు ఏ మాటలు రాసి ఉంటాడో వాటితో వెతకాలి. మాటలు ఉన్నవి ఉన్నట్టే కావాలంటే ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టాలి. ఏ ఏడాది సంగతో ఆ ఏడాది చేర్చాలి. అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన, పక్కన చిన్నక్షరాల్లో ఆ మాట వాళ్ళే రాస్తారు, చదవాలి. నొక్కేముందు ఆ చిరునామా చివరిదాకా చూడాలి, సర్కారుదా, సర్కారు వేషం కట్టినవాడిదా అని. అంతే. బడి మొహం సరిగా చూడని నాకు వచ్చిన సంగతులు, డిగ్రీలు చదివిన పిల్లలకు రావా? అతను మాత్రం ఇన్నేళ్ళలో వాళ్ళకు ఒకే ఒక్క సూత్రం నేర్పాడు. "ఏదన్న అర్జెంటయితే పైనున్నదే నొక్కు బేటా. పైనున్నదే అసలుది." ఆ సూత్రం పట్టుకుని ఎంతమంది ఎక్కడెక్కడ మునిగారో ఆ పావురాలకే తెలియాలి.

అతనికీ నాకూ ముఖాముఖీ పడిన రోజు బాగా గుర్తుంది. జిరాక్స్ కోసం వెళ్ళాను. నల్గొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు పాత ప్రశ్నపత్రాలు కావాలని నిలబడ్డాడు.

"అవి మామూలుగ దొరకయి బేటా," అంటున్నాడు ఇతను. "లోపలి సైట్ల ఉంటయి. స్పెషల్ సెర్చ్ కొట్టాలె. రేపు రా."

నేను ఊరుకోలేకపోయాను. "లోపలి సైట్ ఏందయ్యా? ఏడ ఉంటది లోపల? పరీక్ష పేరు కొట్టు, ఏడాది కొట్టు, పక్కన పీడీఎఫ్ అని కొట్టు. పరీక్ష బోర్డోళ్ళే పెట్టిన్రు. నేను చూసిన."

సోంపు బుగ్గ మారింది. "పెద్దాయనా, మీరు అచ్చక్షరాలు ఏరుకున్నోళ్ళు. గా పని వేరే, ఇది వేరే."

"వేరేనో కాదో ఆ పిలగాన్ని కూసోబెట్టు. నేను చెప్త, వాడే కొడ్తడు."

కుర్రాడు ఆశగా ఒక అడుగు ముందుకేశాడు. అంతే, తెర నల్లబడింది. జిరాక్స్ మిషను మూలిగి ఆగింది.

"కరెంటు పాయె," అన్నాడు అతను, చేతులు రెండూ బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టి.

చేతులు కనిపించాయి. కాలు కనిపించలేదు. నేను వంగి చూశాను. బల్ల కింద గోడకు స్విచ్చుబోర్డు ఉంది, ఒక చెప్పు విడిచి ఉంది, బొటనవేలు ఇంకా స్విచ్చు మీదే ఉంది. పక్క దర్జీ కొట్లో పంకా గిరగిరా తిరుగుతోంది.

"కరెంటు పోతే ఆ పంకా ఏంది మరి?"

"అది వేరే ఫేజు, పెద్దాయనా," అన్నాడు, కనురెప్ప కూడా కదపకుండా.

తర్వాత తెలిసింది, అది అతని వాడుకే. ఎవరికైనా ఏదైనా అర్థమయ్యే సూచన కనిపిస్తే చాలు, ఆ గదిలో కరెంటు పోయేది. అయితే ఆ రోజు నన్ను కాల్చింది ఆ బొటనవేలు కాదు. ఆ కుర్రాడు. వాడు నా వైపు తిరిగి, నవ్వి, "తాతా, సార్ ఉన్నడు గద, మీకెందుకు పరేషాన్?" అన్నాడు.

అదీ సంగతి. వాళ్ళకు అతనంటే ఇష్టం. ఆ మాట దాచను. ఫారంలో ఒక్క అక్షరం తప్పు పడితే ఏడాది చదువు మట్టిలో కలుస్తుందని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగే పిల్లలు. అతను తప్పు పడనిచ్చేవాడు కాదు. ఎవరి తండ్రి పేరులో ఎన్ని అక్షరాలో, ఎవరి కులపత్రం ఏ మండలంలో ఇచ్చారో కాగితం చూడకుండా చెప్పేవాడు. చివరి తేదీల్లో తిండి మానేసి కూర్చునేవాడు. పిల్లలు బయట అరుగు మీద కునుకులు తీస్తుంటే లోపల ఆ నల్ల గులకరాళ్ళ మీద టకటకమని వర్షం కురిసేది. పని వచ్చు. పని రానివాడైతే నాకింత కోపం ఉండేది కాదు. వాళ్ళ భయం అతనికి తెలుసు, ఆ భయాన్ని పోగొట్టడమూ తెలుసు. పోగొట్టలేదు. గడ్డి వేసి మేపాడు.

ఆ మేతలో అసలైనది ఒక మిఠాయి డబ్బా. పెద్ద రేకు డబ్బా. అందులో చిన్న చిన్న మీటల ఫోన్లు, ఒకదాని మీద ఒకటి, చేపల్లాగా. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఏ కంపెనీ ఆఫరిస్తే ఆ సిమ్ముకు మారుతుంటారు. నంబరు మారితే బోర్డు వాళ్ళు పంపే ఓటీపీ అందదు. దీనికి మందేమిటి? ఒక నంబరు స్థిరంగా ఉంచుకోమని చెప్పడం. అతను ఆ మందు ఇవ్వలేదు. అందరి దరఖాస్తుల్లోనూ తన ఫోన్ల నంబర్లు, తను పుట్టించిన ఈమెయిళ్ళు, తను పెట్టిన పాస్‌వర్డులు వేశాడు. "నీ నంబరు మారుతది, నా నంబరు మారుతదా? నీకెందుకు, నేనున్న గద." దాంతో హాల్‌టికెట్టుకూ అతని దగ్గరికే, ఫలితానికీ అతని దగ్గరికే, సర్టిఫికెట్ల పరిశీలనకూ అతని దగ్గరికే. డబ్బాలో ఏదో ఒక చేప టింగుమంటుంది, అతను మూత తెరిచి, ఏ ఫోనో ఎవరికీ కనిపించకుండా, అంకెలు కొడతాడు. పిల్లలు దణ్ణాలు పెట్టేవాళ్ళు. తమ ఇంటి తాళం వాడి దగ్గరుంచి, వాడు తలుపు తీస్తే దణ్ణం పెట్టడం!

అతని గుండె ఒక మధ్యాహ్నం దుకాణంలోనే ఆగిపోయింది. పోనివ్వండి, అందరిదీ ఒకనాడు ఆగుతుంది. ఫ్లెక్సీ కట్టినవాళ్ళలో ఒక్కరికైనా ఆ మిఠాయి డబ్బా గుర్తొచ్చిందా? రాలేదు. గుర్తొచ్చేసరికి హాల్‌టికెట్లు వచ్చాయి.

మా భవనం వెనక హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ నాకెదురు బల్ల మీద చదువుకుంటుంది. సిద్దిపేట వైపు పిల్ల. నన్ను తాతా అంటుంది. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెబుతుందో నడుస్తూ అడిగినా ఆగకుండా చెబుతుంది. తన పాస్‌వర్డు ఏమిటంటే తెలియదు. ఎన్నిసార్లు చెప్పానో, పోయి నీ నంబరు మార్పించుకో అని. "సార్ ఏమనుకుంటడో తాతా" అనేది.

ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద చెప్పులు కూడా విడవకుండా కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆదివారం పరీక్ష తాతా. హాల్‌టికెట్ తీయాలంటే ఓటీపీ అడుగుతున్నది. అది సార్ ఫోన్‌కు పోతున్నది."

"బోర్డోళ్ళకు ఫోన్ చేసినవా?"

"చేసిన. నంబరు మార్చుకోవచ్చమ్మా, లాగినయ్యి మార్చుకో అంటున్నరు. లాగిన్ కావాలంటే ఓటీపీ గావాలె. అదే నంబరు మీద కొత్త సిమ్ తీద్దామంటే అది సార్ పేరు మీదుంది." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "మా బాపు ఈసారి రాయకపోతే సామాన్ సర్దుకోని ఇంటికి రమ్మన్నడు. రాసి ఫెయిలయితే ఒక తీరు. హాల్‌టికెటే తీయలేదంటే ఏమని చెప్పాలె?"

నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ఉన్న కోపమంతా అప్పటికే ఒకడి కోసం కేటాయించి ఉంది. "లే, పోదాం పా" అన్నాను.

అతని ఇల్లు కవాడిగూడలో. ఇంకా పెద్దకర్మ కాలేదు. అలాంటి ఇంటికి ఇలాంటి పని మీద వెళ్ళడం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. వెళ్ళేసరికి ఆ సిగ్గులో మాకంటే ముందున్నవాళ్ళు కనిపించారు. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీల మీద ఇద్దరు కుర్రాళ్ళు. ఒళ్ళో అరటిపళ్ళు, చేతుల్లో ఫోన్లు. ఎదురుగా దండ వేసిన అతని ఫొటో, ముందు దీపం. అతని భార్య చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది.

"సార్ మస్తు మంచిగుండె అమ్మా," అన్నాడు మొదటివాడు.

"అవునమ్మా, మా అందరికి దేవుడసొంటోడు," అన్నాడు రెండోవాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "అమ్మా, సార్ ఫోన్ల డబ్బా ఏడున్నది?" అన్నాడు.

ఆమె వాళ్ళను చాలాసేపు చూసింది. ఏడుపు కాదు, విసుగు.

"వచ్చినోళ్ళందరు గిదే అడుగుతున్నరు బిడ్డా. పీనుగ ఇంట్ల ఉండంగ గూడ ఆ డబ్బా టింగుటింగు మొత్తుకుంటనే ఉండె. చుట్టాలు ఏడుస్తుంటే ఒక దిక్కు గది. అన్నీ బందు జేసి బీరువల పారేసిన." నన్ను చూసి కొంగు సర్దుకుంది. "మీరెవరన్నా?"

చెప్పాను. మీ ఆయనతో పోట్లాడేవాణ్ణని కూడా చెప్పాను.

"ఓ, అచ్చాఫీసాయన," అంది. "ముసలోడు నా దుకాణం ముంచుతడు అంటుండె."

"ముంచలేకపోయిన తల్లీ," అన్నాను.

ఆమె లేచి బీరువా తీసి డబ్బా తెచ్చింది. ఫోన్లన్నిటినీ దీపం ముందు చాప మీద పరిచాం. కొన్నిటికి చార్జింగు లేదు. కుర్రాళ్ళు పక్కిళ్ళు తిరిగి సన్నపిన్ను చార్జర్లు అడిగి తెచ్చారు. ప్రతి ఫోను వెనకా అతను ఏవో గుర్తులు గీశాడు, చుక్క, గీత, చంద్రవంక. అవి ఎవరివో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. పోతూ పోతూ కూడా తెర మీద అట్ట కట్టే పోయాడు.

ఒక్కొక్కటే వెలిగించాం. వెలిగిన ప్రతిదీ ఇన్నాళ్ళ మెసేజీలు కక్కడం మొదలుపెట్టింది. టింగు, టింగు, టింగు. ఆ అమ్మాయి కంగారుగా ఒకటి తీసి, చూసి, పడేసి, ఇంకోటి తీస్తోంది.

"ఆగు," అన్నాను. "ఇయన్ని పాతయి. మొత్తుకోని సల్లారనియ్యి. అన్నీ ఊకున్నంక నీ దాంట్ల 'మళ్ళీ పంపు' అని ఒత్తు. అప్పుడు ఏది మోగితే అది నీది."

అందరం కూర్చున్నాం. ఫోన్లు ఒక్కొక్కటే ఊరుకున్నాయి. గదిలో దీపం చిటపటలు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి తన ఫోనులో మీట నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చాప వైపు చూస్తూ ఉండిపోయింది. ఏమీ మోగలేదు. మళ్ళీ నొక్కింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి అడుగుతోందో. దేవుడికి ఆ డబ్బాతో సంబంధం లేదని నేనెలా చెప్పను?

చివర, ఫొటో పీటకు ఆనుకుని ఉన్న ఫోను గొంతు సరిచేసుకున్నట్టు ఒక్కసారి వణికింది.

"గదే!" అని కుర్రాళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు. అతని భార్యే దాన్ని అందుకుని అంకెలు చదివింది. అమ్మాయి ఒక్కొక్కటే కొట్టింది. తెర తెరుచుకుంది. ఆమె ఫొటో, ఆమె పేరు, ఆమె తండ్రి పేరు.

హాల్‌టికెట్టు మీదికి పోబోతుంటే నేను ఆపాను. "ముందు నంబరు. నీ నంబరు పెట్టు. మెయిలు నీది పెట్టు. పాస్‌వర్డు నువ్వే పెట్టు, నాగ్గూడ చెప్పకు." చేసింది. అప్పుడు హాల్‌టికెట్టు తీసింది. తీసి, దాన్ని చూస్తూ, ఒక్కసారిగా ఏడ్చేసింది. చావు జరిగిన ఇంట్లో నేను చూసిన ఏడుపు అదొక్కటే. తర్వాత ఆ కుర్రాళ్ళిద్దరి చేతా వాళ్ళవి వాళ్ళ చేతులతోనే మార్పించాను. నస పెట్టే ముసలివాణ్ణని వాళ్ళ మొహాల్లో రాసి ఉంది. రాసుకోనివ్వండి.

లేచి వస్తుంటే అతని భార్య, "అన్నా, జర ఒక్క పని," అంది. చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. "నిన్న గ్యాస్ అయిపోయింది. పక్కింటోళ్ళ పొయ్యి మీద వండుకొస్తున్న. దినాలకు చుట్టాలొస్తరు. బుక్ చేసుడు నాకు రాదు."

"ఇన్నేండ్లు ఎట్ల చేసిన్రమ్మా?" అన్నాడు ఒక కుర్రాడు.

"నేనేడ చేసిన? గ్యాస్ అయిందయ్యా అంటే, అది ఆన్‌లైన్ పని, సర్వర్ బిజీ ఉన్నది, దుకాణంకాడ చేస్త అంటుండె. నాలుగు దినాలు తిప్పిచ్చుకుంటుండె. నేర్పయ్యా, నేనే చేసుకుంట అంటే..." ఆమె ఎడమ అరచెయ్యి ఎత్తి, బుగ్గలో ఏదో నెట్టినట్టు మూతి పక్కకు తిప్పింది. అచ్చం అతనే. ఆ మాట ఆమె పూర్తిచెయ్యనక్కర లేకపోయింది. గదిలో అందరికీ వచ్చు.

వీధిలో పిల్లల దగ్గర దుకాణం కోసం చేశాడనుకున్నాను. సొంత పొయ్యి దగ్గర ఏ దుకాణముంది?

ఈలోగా ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని లేచింది. అతని చొక్కా జేబులో ఉండే ఫోను, ఆసుపత్రి వాళ్ళు తిరిగిచ్చింది, గ్యాస్‌కు రాయించిన నంబరున్నది, పీట మీద ఉంటే చేతిలోకి తీసుకుంది. తన ఫోనులో చకచకా ఏదో కొట్టి వెతుకుతూ, ఎంతో ప్రేమగా అంది:

"నువ్వు కూసో అమ్మా. నీకెందుకు, నేనున్న గద."

"ఏమన్నవ్?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

అమ్మాయి ఆగిపోయింది. ఫొటో వైపు చూసింది. చేత్తో నోరు మూసుకుంది.

"ఆ ఫోన్ ఆమె చేతికియ్యి," అన్నాను. "నీది నాకు చూపియ్యి." చూపింది. గ్యాస్ బుకింగ్ నంబరు అని కొట్టింది. బొటనవేలు అన్నిటికంటే పైనున్నదాని మీద సిద్ధంగా ఉంది. సార్ నేర్పిన ఏకైక సూత్రం. "అది ప్రకటన బిడ్డా. ఎవడో తన నంబరు పెట్టుకోని కూసున్నడు. కిందికి జరుపు. గ్యాస్ కంపెనీ సొంత పేరు ఏడున్నది? చిరునామా చివరిదాక సదువు. ఆఁ, గది. ఇప్పుడు నంబరు నువ్వు సదువు, ఆమె ఒత్తుతది."

అమ్మాయి చదివింది. అతని భార్య ఒక్కొక్క అంకెను వెతికి, చూపుడువేలితో, గోరింటాకు చుక్క పెట్టేటంత జాగ్రత్తగా నొక్కింది. మధ్యలో ఒకటి తప్పింది. కుర్రాడు చెయ్యి చాచాడు. నేను చూసిన చూపుకు వెనక్కి తీసుకున్నాడు. ఆమె చెరిపి మళ్ళీ మొదటినుంచి నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. అటు మోగి, దానంతట అదే ఆగిపోయింది.

"కట్టయింది అన్నా." మొహం పాలిపోయింది. "నేనేమన్న ఖరాబ్ చేసిన్నా?"

చేతిలో ఫోను టింగుమంది. మెసేజీ తెలుగులోనే ఉంది. ఆమె దాన్ని దీపం వెలుగుకు పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. సిలిండర్ బుక్ అయింది.

"అంటే?" అంది.

"అంటే అయిపోయింది తల్లీ. ఈ ఫోన్‌కెల్లి మిస్డ్ కాల్ ఇస్తె సాలు. ఇంటికొస్తది."

ఆమె మమ్మల్ని ఎవరినీ చూడలేదు. మెల్లగా ఫొటో వైపు తిరిగింది.

"గింతేనా?" అంది. గొంతు పెంచి, "ఓ మనిషీ, నిన్నే. గింత దానికేనా నన్ను ఇన్నేండ్లు నీ ఎంబడి తిప్పుకున్నవ్?"

కుర్రాళ్ళు నేల చూపులు చూశారు. నేను మాత్రం అతన్నే చూస్తూ నిలబడ్డాను. దండలో నుంచి ఎప్పటిలాగే చూస్తున్నాడు, ఒక బుగ్గ కొంచెం ఉబ్బెత్తుగా. ఆ ఫొటో నడుము దాకానే తీశారు. కరెంటు తీసెయ్యడానికి ఈసారి అతనికి కాలు లేదు.